సికింద్రాబాద్‌లో ‘ర’ ఒత్తు ఎక్కడికి పోయింది?

పోయిన సెమిస్టర్‌లో నేనూ నా ఫ్రెండూ కలిసి ఒక చిన్న టూ-డీ గేమ్ మొదలుపెట్టాం. కథ చాలా సింపుల్. మీరు సికింద్రాబాద్ స్టేషన్‌లో కూలీ. పది ప్లాట్‌ఫారాలు, పరుగెత్తే జనం, చివరి నిమిషంలో మారే ప్లాట్‌ఫారం నంబరు. రైలు కదిలేలోపు ప్యాసింజర్‌నీ సామాన్లనీ సరైన బోగీ దగ్గరికి చేర్చాలి. బోర్డులు, అనౌన్స్‌మెంట్లు, మాటలు, స్కోరు అన్నీ తెలుగులోనే ఉండాలని మొదటి రోజే అనుకున్నాం. ఇంజిన్ యూనిటీ.

మూడు వారాలయ్యాక వారాసిగూడలో మావాడి ఇంటికెళ్లి, గేమ్ ఫోన్‌లో పెట్టి వాళ్లమ్మగారికి ఇచ్చాం. ఆంటీ తెలుగు మీడియంలో చదువుకున్నారు. ఆడటం మొదలుపెట్టకముందే ఆగిపోయారు.

“ఏంది బిడ్డా, ఇదే ఊరు? సికింద్... రాబాదా? ద కింద ర ఒత్తు ఏది?”

చూశా. నిజమే. మా బోర్డు మీద ‘సికింద్‌రాబాద్’ అని ఉంది. ‘ద’ మీద పొల్లు, పక్కన విడిగా ‘రా’. అదొక్కటే కాదు. ‘కి’లో ‘క’ తలకట్టు అలాగే ఉండి, దాని మీదకి గుడి ఎక్కి కూర్చుంది. మూడు వారాలు రోజూ ఆ స్క్రీన్ ముందే ఉన్నా, నాకు కనపడలేదు. ఇంగ్లిష్ మీడియం వాడిని. తెలుగు మాటని అక్షరం అక్షరం చదవను, ఆకారం చూసి ఊహించేసుకుంటా. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ ఒత్తుని వెనక్కి తేవడానికి బయటి ప్లగిన్ ఒకటి తెచ్చి ఇంజిన్‌లో కలిపాం. ఆ పని ఎలా చేశామో, ఎక్కడెక్కడ దెబ్బతిన్నామో రాస్తున్నా. గేమ్ చేసేవాళ్లకే కాదు, యాప్‌లో తెలుగు చూపించాలనుకునే ఎవరికైనా పనికొస్తుంది.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

మేం చేసిన మొదటి పని ఫాంట్‌ని తిట్టడం. ఒకటి తీసి ఇంకొకటి పెట్టాం, నాలుగు మార్చాం. అన్నింట్లోనూ అదే గొడవ. ఇలా ఒక పూట పోయింది.

అసలు చేయాల్సిన టెస్ట్ అయిదు నిమిషాల పని. అదే ఫాంట్ ఫైల్‌తో అదే పదాన్ని లిబ్రే ఆఫీస్‌లోనో బ్రౌజర్‌లోనో టైప్ చేసి చూడాలి. అక్కడ సరిగ్గా వచ్చి మీ ఇంజిన్‌లో విరిగితే ఫాంట్ తప్పు లేదు, ఇంజిన్ దాన్ని సరిగ్గా అడగట్లేదు. రెండు చోట్లా విరిగితే అప్పుడు ఫాంట్ మార్చండి. మా ఫాంట్ లిబ్రే ఆఫీస్‌లో శుభ్రంగా ‘సికింద్రాబాద్’ అని చూపించింది.

టైప్ చేసేది ఒకటి, కనిపించేది ఒకటి

యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 గదులు ఇచ్చారు. ‘ద’ 3110. పొల్లు 3149. ‘ర’ 3120. దీర్ఘం 3134. మీరు ‘ద్రా’ అని టైప్ చేస్తే ఫైల్‌లో పడేవి ఈ నాలుగు సంఖ్యలే, ఇదే వరసలో.

ఇందులో ‘ర ఒత్తు’ ఎక్కడుంది? లేదు. ర ఒత్తుకే కాదు, ఏ ఒత్తుకీ యూనికోడ్‌లో సొంత సంఖ్య లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చాలి అన్నది నియమం. ఒత్తు బొమ్మ మాత్రం ఫాంట్ లోపల దాక్కుని ఉంటుంది. దానికి ఉన్నదల్లా గ్లిఫ్ నంబరు. ఆ నంబరు ఫాంట్ ఫాంట్‌కీ మారిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఫైల్‌లో దీర్ఘం ‘ర’ తర్వాత వచ్చింది. కానీ కాగితం మీద దీర్ఘం ఎవరికి పెడతాం? ‘ద’కి. ‘దా’ రాసి, కింద ర ఒత్తు ఇస్తాం. అంటే ఫైల్‌లోని వరస, కంటికి కనిపించే వరస ఒకటి కాదు. ‘కి’లో ‘క’ తలకట్టు తీసేస్తేనే గుడి కూర్చుంటుంది. ‘కై’లో ఐత్వం ఒకటే సంఖ్య, 3144. కనిపించేది మాత్రం రెండు ముక్కలు, ఒకటి పైన, ఒకటి కింద.

ఒకటో తరగతిలో పలక మీద మనకి నేర్పింది ఇదే. కంప్యూటర్‌లో ఈ పనికి షేపింగ్ అని పేరు. ఇంగ్లిష్ అక్షరాలకి ఇది పెద్దగా అవసరం పడదు, అందుకని ‘ఒక సంఖ్యకి ఒక బొమ్మ’ అన్న లెక్కతో నడిచే టెక్స్ట్ సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. యూనిటీలో అందరం వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ బాపతే. నాలుగు సంఖ్యలు ఇచ్చాం, నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. దాని తప్పేం లేదు, దానికి పలక మీద ఎవరూ నేర్పలేదు.

ఇది పెద్ద కంపెనీలకి కూడా చిన్న పనేం కాదు. 2018 ఫిబ్రవరిలో నేను ఆరో తరగతి. అప్పుడు ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా పంపితే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. మామూలు ‘జ్ఞా’ కాదు, దీర్ఘానికి ముందు కంటికి కనపడని 8204 అనే సంఖ్య ఇరుక్కున్న ‘జ్ఞా’. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

మేం వద్దనుకున్న మూడు షార్ట్‌కట్‌లు

ఒకటి, బోర్డుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేయడం. అప్పుడు ఆంటీ చేతికి గేమ్ ఇవ్వడంలో అర్థం లేదు.

రెండు, తెలుగు మాటల్ని ఫొటోషాప్‌లో ఇమేజ్‌లుగా చేసి పెట్టడం. టైటిల్ వరకూ ఇది మంచి పనే. కానీ మా గేమ్‌లో మాటలు చాలా ఉన్నాయి. ఒక్క మాట మార్చాలంటే మళ్లీ ఇమేజ్ చేయాలి. పైగా ఆటగాడు తన పేరు టైప్ చేస్తాడు, దానికి ఇమేజ్ ముందే ఎలా చేస్తాం?

మూడు, మా సీనియర్ చెప్పింది. ఫ్లెక్సీ షాపుల్లో వాడే అను ఫాంట్ల లాంటి పాత పద్ధతి. అక్కడ ఒత్తులూ గుణింతాలూ ముక్కలుగా ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోవడమే. బ్యానర్ ప్రింట్ చేయడానికి అది చాలు. కానీ ఆ ఫాంట్ తీసేస్తే మిగిలేది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. ఆటగాడు ఫోన్ కీబోర్డులో టైప్ చేసేది యూనికోడ్, ఆ రెండూ కలవవు.

గోడో 4లో ఈ బాధ లేదు. 2023 మార్చిలో వచ్చిన ఆ వెర్షన్‌లో షేపింగ్ లోపలే ఉంది. అన్‌రియల్‌లోనూ ఉంది. యూనిటీ 6లో యూఐ టూల్‌కిట్ కోసం అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు వీటినే చూడండి. మాది పాత వెర్షన్, గేమ్ సగం పైగా అయిపోయింది. అందుకే ప్లగిన్ దారి పట్టాం.

ప్లగిన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

పైన చెప్పిన ఇంజిన్లన్నీ లోపల వాడేది ఒకటే లైబ్రరీ, హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, ఆండ్రాయిడ్ కూడా దాన్నే వాడతాయి. అంటే మీరు రోజూ ఫోన్‌లో చదివే తెలుగుని నిలబెడుతున్నది అదే. బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ మూలాలున్న ప్రోగ్రామర్ దీని వెనక ముఖ్యుడు. పేరు పర్షియన్. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్ పేరుని తిప్పి పెట్టుకున్నారు. హర్ఫ్ అంటే అక్షరం, మన ఊళ్లో ఉర్దూ వచ్చినవాళ్లకి తెలిసిన మాటే.

దానికి మీరు ఇచ్చేవి రెండు: ఫాంట్ ఫైల్, టెక్స్ట్. అది తిరిగి ఇచ్చేది ఒక లిస్టు. ఒక్కో వరసలో గ్లిఫ్ నంబరు, అది టెక్స్ట్‌లో ఏ చోటు నుంచి వచ్చింది, ఎంత ముందుకి జరగాలి, ఎంత పక్కకీ కిందకీ తప్పించి గీయాలి అన్న వివరాలు ఉంటాయి. అంతే. అది ఏమీ గీయదు, లైన్లు విరవదు, రంగులు వేయదు. ప్లగిన్ పెట్టగానే తెలుగు వచ్చేస్తుందని మేం అనుకున్నాం. రాలేదు. బొమ్మలు గీసే సగం మేమే చేసుకోవాల్సి వచ్చింది.

మేం పని ఇలా పంచాం. పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాసి, ఫ్రీటైప్ లైబ్రరీతో ఫాంట్‌లోని గ్లిఫ్‌లన్నీ ఒక పెద్ద ఇమేజ్ మీద గీయించాం. దీన్ని అట్లాస్ అంటారు. ఏ గ్లిఫ్ నంబరు ఆ ఇమేజ్‌లో ఎక్కడుందో చెప్పే జేసన్ ఫైల్ ఒకటి పక్కన ఉంటుంది. గేమ్ నడిచేటప్పుడు హార్ఫ్‌బజ్ లిస్టు ఇస్తుంది. మా సి షార్ప్ కోడ్ ఒక్కో గ్లిఫ్‌కి ఒక చతురస్రం చేసి, అట్లాస్‌లోని ఆ ముక్కని దాని మీద అతికిస్తుంది.

ప్రాజెక్టులో కలిపేటప్పుడు

లైసెన్స్ ముందు చదవండి. హార్ఫ్‌బజ్‌ది ఎంఐటీ తరహా లైసెన్స్, గేమ్‌లో పెట్టుకోవచ్చు. ఫాంట్లకి కూడా చూడాలి. మేం వాడిన నోటో సాన్స్ తెలుగు, రామభద్ర రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. రామభద్ర, మండలి, సురవరం లాంటి సిలికానాంధ్ర ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వేరే బ్రాంచ్‌లో పెట్టండి. బయటి కోడ్ ఏది తెచ్చినా గిట్‌లో ముందు కొత్త బ్రాంచ్. వెర్షన్ నంబరు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి.

ఒక్క తలుపు పెట్టండి. హార్ఫ్‌బజ్‌ని గేమ్ కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ పిలవలేదు. ‘టెక్స్ట్ ఇస్తా, గ్లిఫ్ లిస్టు ఇవ్వు’ అనే ఒక్క క్లాస్ రాసి, మిగతా అంతా దాన్నే అడిగేలా చేశాం. రేపు యూనిటీ 6కి మారితే ఆ ఒక్క క్లాసే మారుస్తాం.

ఏ మెషీన్‌కి ఆ లైబ్రరీ ఇవ్వండి. సి షార్ప్ నుంచి పిలవడానికి హార్ఫ్‌బజ్‌షార్ప్ తీసుకున్నాం. అది నుగెట్ ప్యాకేజీగా వస్తుంది, యూనిటీ దాన్ని నేరుగా తీసుకోదు. ప్యాకేజీ నిజానికి జిప్ ఫైలే. విప్పి, లోపలి లైబ్రరీలని ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. మేం విండోస్‌ది ఒక్కటే పెట్టాం. ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా వచ్చింది, ఫోన్‌లో పెడితే తెలుగు మొత్తం మాయం. లాగ్‌లో ‘డిఎల్‌ఎల్ నాట్ ఫౌండ్’. ఆండ్రాయిడ్‌కి 64 బిట్ ఏఆర్‌ఎమ్ లైబ్రరీ వేరే పెట్టి, ఇన్‌స్పెక్టర్‌లో ప్లాట్‌ఫారం, సీపీయూ రెండూ టిక్ చేశాక గానీ దారికి రాలేదు. ఇంకో మాట: ఎడిటర్ ఒకసారి నేటివ్ లైబ్రరీ లోడ్ చేసుకుంటే వదలదు. ఫైల్ మార్చాలంటే ఎడిటర్ మూసి తెరవాలి.

ఫాంట్ ఫైల్ కూడా గేమ్‌తో వెళ్లాలి. హార్ఫ్‌బజ్‌కి అసలు ఫాంట్ బైట్లు కావాలి. మేం దాన్ని స్ట్రీమింగ్ అసెట్స్‌లో పెట్టాం. ఆండ్రాయిడ్‌లో ఆ ఫోల్డర్ ఏపీకే లోపల ఉంటుంది, మామూలుగా ఫైల్ తెరిచినట్టు తెరవలేం. చివరికి ఫాంట్ పేరు చివర ‘బైట్స్’ అని ఎక్స్‌టెన్షన్ మార్చి టెక్స్ట్ అసెట్‌గా పెట్టాం. పని అయింది.

రెండు చోట్లా ఒకే ఫాంట్. ఇదే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. అన్నీ కలిపాక బోర్డు మీద ఏ పదం చూసినా సంబంధం లేని అక్షరాల గుంపు. నా పైథాన్ స్క్రిప్టు నా డౌన్‌లోడ్స్‌లో ఉన్న నోటోని వాడింది, మావాడు గేమ్‌లో పెట్టింది వేరే వెర్షన్ నోటో. పేరు ఒకటే, గ్లిఫ్ నంబర్లు వేరు. ఒక పుస్తకానికి ఇంకో పుస్తకం విషయసూచిక పట్టుకుని వెతికినట్టు. ఇప్పుడు ఫాంట్ ఫైల్ రెపోలో ఒకటే ఉంది, స్క్రిప్టు కూడా దాన్నే చదువుతుంది.

ప్రతి ఫ్రేమ్‌కీ షేప్ చేయకండి. నేను ఆ పిలుపుని అప్‌డేట్ ఫంక్షన్‌లో పెట్టా. మారని బోర్డుని సెకనుకి 60 సార్లు షేప్ చేస్తోంది, ఫోన్ ఇస్త్రీపెట్టెలా వేడెక్కింది. టెక్స్ట్ మారినప్పుడు ఒకసారి షేప్ చేసి ఫలితం దాచుకోవాలి. వాడిన బఫర్లని మనమే విడుదల చేయాలి, నేటివ్ మెమరీని గార్బేజ్ కలెక్టర్ నమ్మకంగా శుభ్రం చేయదు.

మీ గేమ్‌లో ఆటగాడు టైప్ చేసేది ఏమీ లేకపోతే ఇంకా తేలిక దారి ఉంది. మాటలన్నీ ముందే షేప్ చేసి ఫలితాలు ఫైల్‌లో పెట్టేయండి. ఫోన్‌లోకి హార్ఫ్‌బజ్ వెళ్లాల్సిన పనే లేదు.

అక్షరాలు సరిగ్గా వచ్చాక విరిగినవి

‘సికింద్రాబాద్’ సరిగ్గా వచ్చిన రోజు క్యాంటీన్‌లో చాయ్ కూడా తాగాం. మర్నాడు తెలిసింది, మా పాత కోడ్ అంతా ‘ఒక సంఖ్య అంటే ఒక అక్షరం’ అనే నమ్మకం మీదే కట్టి ఉందని. షేపింగ్ ప్లగిన్ చేస్తుంది, ఆ నమ్మకాన్ని మాత్రం మనమే వెతికి తీసేయాలి.

పేరు పొడవు. ఆటగాడి పేరుకి 10 అక్షరాల హద్దు పెట్టాం. ‘శ్రీలక్ష్మి’ అని కొడితే ‘శ్రీలక్ష్మ’ అయింది. మన లెక్కలో శ్రీ, ల, క్ష్మి – మూడే అక్షరాలు. స్ట్రింగ్ లెక్కలో 11. పదకొండోది గుడి, అది ఎగిరిపోయింది.

ఒక్కో అక్షరం కనిపించే ఎఫెక్ట్. మాటలు టైప్ అవుతున్నట్టు రావడానికి సంఖ్య తర్వాత సంఖ్య చూపిస్తున్నాం. ‘స్త్రీ’ రావడానికి ముందు ‘స’, ‘స్’, ‘స్త’, ‘స్త్’, ‘స్త్ర’ అన్నీ మెరిసిపోతున్నాయి.

ఈ రెంటికీ మందు ఒకటే, అక్షరం ఎక్కడ ముగుస్తుందో కోడ్‌కి చెప్పడం. యూనికోడ్ వాళ్లు కూడా 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే తెలుగు సంయుక్తాక్షరాలని తెంచకుండా ఒకటిగా లెక్కపెట్టే నియమం చేర్చారు. పాత లైబ్రరీలకి అది తెలీదు. మేం సొంతంగా నాలుగు వాక్యాల నియమం రాసుకున్నాం. గుణింతం గుర్తుకి ముందు తెంచకు. సున్న, విసర్గలకి ముందు తెంచకు. పొల్లుకి ముందు తెంచకు. పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడా తెంచకు.

ఆ చివరి నియమానికి ఒక మినహాయింపు ఉంది, పైన చెప్పిన 8204. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ తర్వాత అది పెడితేనే ‘వే’ విడిగా నిలబడుతుంది. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. కాబట్టి మధ్యలో 8204 ఉంటే తెంచొచ్చు. మా క్లీనప్ కోడ్ కనపడని సంఖ్యలన్నీ చెత్త అనుకుని తీసేస్తోంది. దీన్ని వదిలేయమని చెప్పాల్సి వచ్చింది.

అక్షరాల మధ్య ఖాళీ. టైటిల్ స్టైల్‌గా ఉండాలని లెటర్ స్పేసింగ్ పెంచాం. ఒత్తులు తమ అక్షరాన్ని వదిలేసి పక్కకి నడిచాయి. ఖాళీ గ్లిఫ్‌ల మధ్య కాదు, అక్షరాల మధ్య ఇవ్వాలి.

బటన్ ఎత్తు. ఇంగ్లిష్ కొలతలతో చేసిన బటన్లలో ‘రాష్ట్రం’ అని రాస్తే కింది ఒత్తు సగానికి కోసేసింది. లైన్ల మధ్య దూరం కూడా పెంచాలి. లేకపోతే పై లైన్ ఒత్తు కింది లైన్ గుడిని గుద్దుకుంటుంది.

టెస్ట్ షీట్

మేమిప్పుడు ఏ మార్పు చేసినా ఈ పదాలున్న సీన్ ఒకటి తెరిచి, బ్రౌజర్‌లో అదే ఫాంట్‌తో తీసిన స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి పోల్చి చూస్తాం. కాపీ చేసుకోండి.

సికింద్రాబాద్ – ఒత్తూ దీర్ఘమూ కలిసి వచ్చినప్పుడు, చివర పొల్లు
స్త్రీ, రాష్ట్రం – రెండు ఒత్తులు
కి, కై, కౌ – తలకట్టు పోవాలి, ఐత్వం రెండు ముక్కలుగా రావాలి
అక్క, అమ్మ, నువ్వు – అదే హల్లుకి అదే ఒత్తు
శ్రీలక్ష్మి – పొడవు లెక్క
జ్ఞానం, క్షమ – ప్రత్యేక ఆకారాలు
సాఫ్ట్‌వేర్ – 8204

ఎక్కడైనా తేడా వస్తే హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ అనే కమాండ్‌లైన్ టూల్‌కి ఫాంట్, పదం ఇచ్చి చూడండి. గ్లిఫ్‌ల లిస్టు ప్రింట్ చేస్తుంది. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు మీరు గీసే కోడ్‌లో ఉంది. అక్కడే తప్పుంటే ఫాంట్‌నో మీరిచ్చిన టెక్స్ట్‌నో చూడాలి.

ఈ షీట్‌లో రాయలేనిది ఒకటుంది. తెలుగు అక్షరం అక్షరం చదివే మనిషి. స్క్రీన్‌షాట్లు పోల్చడం నేను చేయగలను. కానీ ఏ పదాలు షీట్‌లో ఉండాలో నాకు తెలిసింది ఆంటీ పక్కన కూర్చుని, ఆమె ఎక్కడ ఆగుతున్నారో చూశాకే. పలక మీద నేర్చుకుని మర్చిపోయిన గుణింతాన్ని పందొమ్మిదేళ్లకి డీబగ్గర్‌లో మళ్లీ నేర్చుకున్నా. ఇప్పుడు బస్సు బోర్డు చూసినా ఒత్తు ఎక్కడుందని కళ్లు వెతుకుతున్నాయి. చదవడం ఇంకా నెమ్మదే.

పోయిన ఆదివారం కొత్త బిల్డ్ తీసుకుని మళ్లీ వారాసిగూడ వెళ్లాం. ఆంటీ బోర్డు గట్టిగా చదివారు, ‘సికింద్రాబాద్’ అని, ఎక్కడా ఆగకుండా. తర్వాత రెండు లెవెళ్లు ఆడారు. మూడో లెవెల్లో ఫోన్ నా వైపు తిప్పారు.

“బిడ్డా, ‘ప్లాట్‌ఫారం ఖాలీగా ఉంది’ అని రాసినవ్. ఖాళీకి ఈ ల కాదు.”

షేపింగ్ పర్ఫెక్ట్‌గానే ఉంది. స్పెల్లింగ్ నాది.